పటాన్‌చెరు పాఠకురాలికి ప్రణయకథ కూడదా?

స్త్రీలు చదువు ప్రణయకథలను గూర్చి మన పెద్దలు పలుకు మాటలు, పత్రికలు పుట్టి గిట్టినను, ప్రభుత్వములు వచ్చి పోయినను, నూరేండ్లుగా మారలేదు. నవల చేతబట్టిన ఆడుది చెడిపోవునని ఒకనాడనిరి. సీరియలు చదువు ఇల్లాలు పొయ్యిమీది కూర మాడ్చునని మరియొకనాడనిరి. నేడు ఫోనులో జపాను దేశపు బొమ్మల ప్రణయకథ, అనగా మాంగా, చదువుచున్న పిల్లను జూచి ఇదేమి పిచ్చి యని నవ్వుచున్నారు. ఆ వయసు మగపిల్లవాడే అదే ఫోనులో కత్తియుద్ధముల మాంగాయో, క్రికెట్టో చూచుచుండగా ఎవ్వరికిని నవ్వు రాదు. కావున ఈ ఆక్షేపణ పుస్తకముమీద పుట్టినది కాదేమో, చదువు మనిషిమీద పుట్టినదేమో యని నాకు చిరకాలముగా అనుమానము కలదు.

సంగారెడ్డి జిల్లాలో ముంబయి రహదారి కిరుప్రక్కల రామచంద్రాపురపు భెల్ మొదలుకొని పటాన్‌చెరు, ఇస్నాపూరు, పాశమైలారము, రుద్రారముల మీదుగా కంది దాకను, ఇటు బొల్లారము, సుల్తాన్‌పూరు వైపునను వ్యాపించిన కర్మాగారముల నడుమ ఈ విషయము మరింత ఆలోచింపదగియున్నది. ఇక్కడి పాఠకురాలు అరువదేండ్లనాటి వారపత్రికల పాఠకురాలివలె మధ్యాహ్నపువేళ కొంత తీరిక చిక్కిన గృహిణి కాదు. నారాయణఖేడు నుండియో, జహీరాబాదు నుండియో, శ్రీకాకుళము నుండియో, ఒడిశా నుండియో వచ్చి, నలుగురైదుగురు కలసి ఒక గది అద్దెకు తీసికొని, తన జీతముతో తాను బ్రతుకుచు, ఇంటికి కొంత పంపుచు, వారమువారము మారు షిఫ్టులనుబట్టి నిద్రను కూడ సర్దుకొను పిల్ల. మందుల కంపెనీలో ఇట్టివారు పలువురు చేయు పని యేమనగా, ఇంజెక్షను సీసాలను చేతబట్టి, ఒకసారి నల్లపలక యెదుటను, ఒకసారి తెల్లపలక యెదుటను దీపపు వెలుగున కెత్తి, మెల్లగా త్రిప్పిచూచి, లోపల నూలుపోగంత నలుసు గాని, గాజురవ్వ గాని కనబడెనేని ఆ సీసాను వేరుచేయుట. షిఫ్టు ముగియుసరికి కండ్లు మండుచుండును. అట్లు మండు కండ్లతోడనే ఇంటిదారిలో మరల బొమ్మలు చూడగోరుచున్నారనిన, ఆ బొమ్మలలో ఏదో కలదని ఒప్పుకొనక తప్పదు.

సంగారెడ్డి ఆర్టీసీ బస్సులో, స్త్రీల ఉచితప్రయాణమునకిచ్చు జీరో టికెట్టును ఫోను కవరులో దోపుకొని, టిఫిను సంచి ఒడిలో పెట్టుకొని, తలయెత్తకుండ చదువుచున్న పిల్ల నొకతెను పలుకరించితిని. ఏమి చదువుచున్నావమ్మా యని యడుగగా, “జపానోళ్ళ బొమ్మల కత సారు. గా పిలగానికి గామె అంటె పానమే గని నోరు ఇప్పి చెప్పడు” అనెను. ఇంగ్లీషులో నున్నది గదా, తెలియుచున్నదా యనగా, నా అమాయకత్వమునకు జాలిపడినట్లు చూచి, “మాటలు సగం తెల్వకున్న మొకాలు తెలుస్తయి గద సారు” అనెను. బస్సు రుద్రారములో ఆగెను, కదలెను. ఆమె పుట త్రిప్పెను. నేను చదివిన విమర్శగ్రంథములలో ఈ కళారూపమును గూర్చి ఇంతకంటె సూటియైన వాక్యము కనబడలేదు.

ఇట్టి పాఠకురాలు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఆమెకు తెలుగులో వంశవృక్షమే కలదు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ పోటీలో బహుమానమంది, 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ చలనచిత్రమై, నంది బహుమతులలో మొట్టమొదటి ఉత్తమచిత్రముగ నిలిచెను. ఆమెదే ‘ప్రేమనగర్’ 1971లో తెరకెక్కెను. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియలుగా వెలువడి, అందలి జయంతియు రాజశేఖరమును ఎన్ని యిండ్లలో చుట్టములైపోయిరో చెప్పనలవి కాదు. 1973లో ‘జీవన తరంగాలు’, ‘మీనా’, 1976లో ‘సెక్రటరీ’ సినిమాలయ్యెను. రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, శంషాబాదున పుట్టిన మాదిరెడ్డి సులోచన, ఒకరి రీతి ఒకరిది కాకున్నను, పత్రిక రాకకై ఎదురుచూచు లక్షలమంది స్త్రీలను సృష్టించిరి. దినమునకింత యని పుస్తకములను అద్దెకిచ్చు కొట్లు వీధివీధిని వెలసినది వీరి పుణ్యముననే. ఈ గిరాకి చూచి కొందరు పురుషులు ఆడుపేర్లు పెట్టుకొని వ్రాయుట కూడ మన సాహిత్యచరిత్రలో ఒక ముచ్చట. పెక్కు రంగములలో పేరు మార్చుకొనవలసివచ్చినది స్త్రీలకైయుండగా, ఇక్కడ మాత్రము మీసము గల మనుష్యులు పైట కప్పుకొనవలసివచ్చెను.

విచిత్రమేమనగా, సరిగా ఆ యేండ్లలోనే జపానులోను ఇట్టిదే జరిగెను. బాలికలకొరకైన చిత్రకథలను అచ్చట మొదట వ్రాసినవారు చాలవరకు పురుషులు. తెజుకా ఒసాము 1953లో మొదలిడిన రాకుమారి కథ ఆ శాఖకు మూలస్తంభములలో ఒకటి. ‘నకయోషి’, ‘రిబోన్’ అను మాసపత్రికలు ఆ దశాబ్దమునందే పుట్టెను. ‘మార్గరెట్’ వారపత్రిక 1963లో వచ్చెను. 1949 ప్రాంతమున జన్మించిన హగియో మోతో, తకెమియా కెయికో, ఓషిమా యుమికో మున్నగు యువతులు 1970లలో కలము, కుంచె రెండును తమ చేతికి తీసికొని, గళ్ళు గీచి బొమ్మలను బంధించు పద్ధతిని త్రోసి, మాటను బుడగలోనుండి వెలికిదీసి పుటపై విడిచి, మనసులోని తలపునకు రూపము కల్పించిరి. ఇకెదా రియోకో 1972లో ‘మార్గరెట్’లో ఆరంభించిన ‘వెర్సాయి గులాబి’లో, మగవానివలె పెంచబడి రాణి మేరీ ఆంటొనెట్ అంగరక్షకదళమునకు నాయకురాలైన ఆస్కారు, కడకు ప్రజలపక్షమున చేరి బాస్తీలు కోటయెదుట పోరాడును. ప్రణయము కావలెనని కొన్న బాలికకు ఫ్రెంచివిప్లవము కూడ దొరకెను. ఇది చదివినవారు ‘ఆడపిల్లల కథ’ యను మాటను కొంత జంకుతో పలుకుదురు.

అయితే ఈ రెండు దేశముల కథ ఇంతవరకు జోడుగా నడచి ఇచ్చట చీలినది. హగియో మోతోకు జపాను ప్రభుత్వము 2012లో ఊదారంగు పట్టీగల పతకము నొసగెను. 2019లో ఆమెను దేశసంస్కృతికి విశేషసేవ చేసిన ప్రముఖుల వరుసలో చేర్చెను. మగవారు మహమ్మారికి రాలిపోగా స్త్రీలే షోగనులై దేశమేలినట్లు కల్పించిన యోషినాగా ఫుమి ‘ఓఒకు’ అను గ్రంథమునకు 2009లో తెజుకా పేరిటి మహాపురస్కారము దక్కెను. ఇక మన సులోచనారాణి 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూయువరకు తెలుగు ముద్రణాలయములకు అన్నము పెట్టిన రచయిత్రియైనను, కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము ఆమె గుమ్మము త్రొక్కలేదు. బహుమానములే కొలబద్దలని నేననను. కాని అచ్చట అమ్ముడుపోయిన పుస్తకము విమర్శకుని బల్లమీదికి వచ్చెను. ఇచ్చట అమ్ముడుపోవుటయే ఆ బల్లను చేరనీయని దోషమాయెను.

నేను ఈ కథలకు భట్రాజును కాను. వీనిలో చెడ్డవి కలవు, మిక్కిలిగా కలవు. కమియో యోకో 1992లో ‘మార్గరెట్’లో మొదలిడి పెక్కేండ్లు నడిపిన ‘హనా యోరి దాంగో’ను చూడుడు. ఐదున్నర కోట్ల ప్రతులకు మించి అమ్ముడై, తైవానులో 2001లోను, కొరియాలో 2009లోను టీవీ నాటకమై, అట్లే మన యువతుల ఫోనులలోనికి వచ్చిన కథ అది. సామాన్యకుటుంబపు త్సుకుషి, శ్రీమంతులబడిలో చదువుచు, ఆ బడిని తన జాగీరుగా నేలు కోటీశ్వరుని కొడుకు త్సుకాసా నెదిరించి చెంప పగులగొట్టును. పిదప ఆతడే నాయకుడగును. తొలిభాగములలో ఆ పిల్లవాడు ఆమెను తోటివారిచే వేధింపజేయుటయు, బలవంతపుచేష్టలకు దిగుటయు కలవు. ఆ చేష్టలను ప్రేమ యని పేరుపెట్టి దాటవేయుట నాకు రుచింపదు. మన రాజశేఖరమునకు ఇంతటి దుడుకు లేకున్నను, ఆ పడవవంటి కారు, ఆ మేడ, ఆ ముభావము, ఆజ్ఞవలె పలుకు మాట, ఆ కుదురులోనివే. అయినను జయంతియైనను, త్సుకుషియైనను, చదువరిని పట్టి నిలుపునది ఆ మేడ కాదనియే నా అభిప్రాయము. సొమ్ము గలవాని యెదుట సొమ్ము లేని పిల్ల తలవంచక నిలుచు ఘట్టము వచ్చినప్పుడే పుస్తకము క్రింద పెట్టుట కష్టమగును. సూపర్‌వైజరు కేక వేసినప్పుడు మారు పలుకరాని చోట దినమంతయు గడిపిన పిల్లకు ఆ ఘట్టము ఏమగునో, మేజా ముందు కూర్చుండి వ్రాయు నేను వేరుగా చెప్పనక్కరలేదు. ధనికనాయకుని దురహంకారమును ఆమె గుర్తింపలేదని తలచువారు, ఆ పిల్లలు గదిలో చేరి ఆ నాయకుని పెట్టు తిట్లు ఒక్కమారు వినవలెను.

ఇంక మంచివి ఎట్లుండునో ఒకటి దగ్గరగా చూతము. సూ మొరిషిత యను పేర ఇద్దరు స్త్రీలు, ఒకరు కథ కల్పించుచు, ఒకరు బొమ్మ గీయుచు, 2019లో మొదలిడిన ‘యుబిసకి తో రెన్రెన్’ అను శ్రేణిలో నాయిక యుకి పుట్టుచెవిటి, కళాశాలలో చదువుచుండును. రైలుబండిలో ఒక విదేశీయుడు ఆమెను దారి యడుగును. అతడేమనుచున్నాడో ఆమెకు తెలియదు, తనకు వినబడదని అతనికి తెలియజెప్పు ఉపాయము తోచదు. ప్రక్కన నిలుచున్న ఇత్సుఒమి యను యువకుడు కల్పించుకొని బదులుచెప్పును. ఇంతే ఆరంభము, ఏ మేడయు లేదు, ఏ కారును లేదు. అటుపిమ్మట కథలో సగము చేతులదే. ఆతడు సంజ్ఞాభాష నేర్చుకొన మొదలిడగా, వ్రేళ్ళు ముడుచుట, విప్పుట, గుండెకడకు దెచ్చుట, ఎదుటివాని వైపు చాచుట, చిత్రకర్త్రి ఒక్కొక్క చలనమును వేరువేరుగా గీయును. మాటలాడువారు పరస్పరము ముఖము చూడకయు మాటలాడవచ్చును. చేతులతో పలుకువారు ఒకరినొకరు చూచితీరవలెను. ఆ చూడవలసిరావడములోనే ప్రణయము పుట్టుచున్నది. ఒక పుటలో ఒక్క అక్షరము లేక, రెండు చేతులును, వానిని గమనించు రెండు కండ్లును మాత్రము చూపి ఊరకుండుట గద్యమునకు సాధ్యపడని పని. మోటారుల హోరులో ఒకరి మాట ఒకరికి వినబడక, బండి ఆపుమనుటకు ఒక సైగ, తిండికి పోదమనుటకు ఒక సైగ, పెద్దసారు వచ్చుచున్నాడనుటకు మరియొక సైగ చేసికొను మన యంత్రశాలల స్త్రీలకు ఈ పుటను వ్యాఖ్యానించువాడు అక్కరలేదు.

అట్లైన ఇవి తెలుగులో ఎందుకుండరాదు? జపాను మనకు దూరదేశమని చెప్పుటకు ఈ ప్రాంతమువారికి హక్కు లేదు. రుద్రారములోని ట్రాన్స్‌ఫార్మరుల కర్మాగారమును 2013లో తోషిబా కొనెను. కందిలోని ఐఐటీ ప్రాంగణము జపాను ఋణసాహాయ్యముతో పెరిగినది. అచ్చటి విద్యార్థులు జపానుకు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. యంత్రము వచ్చినది, పెట్టుబడి వచ్చినది, ఆచార్యులు వచ్చిరి. కథ మాత్రము దొంగదారిన, అనుమతి లేని నకళ్ళుగా, అరకొర ఇంగ్లీషులో ఫోనుకు వచ్చుచున్నది. సక్రమముగా కొందమన్న, ఒక్కొక్క సంపుటము నాలుగువందల రూపాయలకు తక్కువ దొరకుట అరుదు. ఇరువది సంపుటముల శ్రేణి యనగా 8,000 రూపాయలు. కాంట్రాక్టు మీద పనిచేయు పిల్ల నెలజీతములో అది ఎంత భాగమో మీరే లెక్కించుకొనుడు. ఆమెను దొంగ నకలు చదువుచున్నదని నిందించుటకు ముందు, దొరతనముగా చదువుకొను దారి యొకటి మనము చూపవలెను గదా.

తెలుగువారికి ఈ దారి క్రొత్తది కాదు. కురొయనాగి తెత్సుకో వ్రాసిన తొత్తోచాన్ కథను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘రైలుబడి’ పేర తెలుగు చేయగా, మన ఉపాధ్యాయులు దానిని తమ యింటి పుస్తకముగనే చేసికొనిరి. మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ శీర్షికన ‘స్వాతి’ మాసపత్రికలో పాశ్చాత్యనవలల కథలను యేండ్లతరబడి వినిపించుచుండగా, ఇంగ్లీషు రాని ఇల్లాండ్రు కూడ ప్రపంచసాహిత్యమును గూర్చి నిర్భయముగా మాటలాడిరి. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయము (ఇఫ్లూ)లో జపానుభాష బోధింపబడుచునేయున్నది. అనువాదకులు లేరను సాకు చెల్లదు. ఇంతకును ఈ పిల్లలు పఠనమునకు మాత్రమే సిద్ధపడినవారు కారు. 2014లో వెలసిన ప్రతిలిపివంటి వేదికలపై తెలుగుస్త్రీలు వ్రాయుచున్న సీరియళ్ళను చూచితినేని, అక్షరదోషములు, సినిమావాసన, తొందరపాటు ఎన్నియున్నను, యద్దనపూడి నాటి ఆ పట్టుదల చచ్చిపోలేదని తెలియుచున్నది. ఇంజెక్షను సీసాను వెలుగుకెత్తి చూచు నాయిక ఇంకను తెలుగునవలలో నాకంటబడలేదు. ఆమె కథను ఆమెయే వ్రాయవలెననిన, ఆమెవంటి పిల్ల, పనికి పోవు పిల్ల, చెవి వినబడని పిల్ల, ఎట్లు కథానాయికయగునో ఆమె ముందుగా ఎచ్చటనైన చదివియుండవలెను.

ఈ జిల్లాకు స్త్రీల చదువును గూర్చి మాటలాడు అర్హత ఊరక రాలేదు. నిజాము కాలమున, 1930లో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడ జరిగెను. తొంబదియేండ్లు దాటిన పిదప ఈ జిల్లాలోనే సుల్తాన్‌పూరున 2022 మార్చి 8న స్త్రీలే యజమానులైన కర్మాగారములకు ప్రత్యేకముగా పారిశ్రామికవాడ తెరచిరి. యజమానురాలికి స్థలము దొరకినది, సంతోషమే. పనిచేయు పిల్లకు పుస్తకమెచ్చట దొరకును? గ్రంథాలయచట్టమును బట్టి ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపన్ను వసూలగుచున్నది. ఇన్ని షెడ్లు, ఇన్ని గోదాములు, ఇన్ని అపార్టుమెంట్లు గల ప్రాంతములో ఆ 8 పైసలు చిన్న మొత్తము కాజాలదు. అయినను మన గ్రంథాలయములలో అధికభాగము పోటీపరీక్షల పుస్తకములకును, దినపత్రికల బల్లలకును అంకితమైయున్నవి. పరీక్షలకు చదువుకొను పిల్లల చోటు తగ్గింపుమని నేననను. వారి ప్రక్కన ఇంకొక బీరువా పెట్టుడని మాత్రమే అనుచున్నాను.

కావున జిల్లా గ్రంథాలయ సంస్థవారికి నా విన్నపమిది. రాబోవు కొనుగోళ్ళలో పటాన్‌చెరు, సంగారెడ్డి గ్రంథాలయములకు ఇట్టి మాంగా శ్రేణులను రెండైనను, మొదటి సంపుటము మొదలు తుదివరకు, నడుమ ఒకటియు తప్పకుండ తెప్పింపుడు. వానితోపాటు యద్దనపూడి, కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచనల నవలలను అదే బీరువాలో పెట్టుడు. తెలుగు అనువాదమునకు ముందుకు వచ్చు ప్రకాశకుడెవడైన నున్నచో ఇన్ని ప్రతులు కొందుమని ముందే మాట యిండు. చందా కట్టించుకొనునప్పుడు స్థిరచిరునామా యడిగి హాస్టలు పిల్లను త్రిప్పిపంపక, కంపెనీ గుర్తింపుకార్డు చాలుననుడు. వేళలు మాత్రము గ్రంథాలయోద్యోగుల సౌకర్యమునుబట్టి కాక షిఫ్టులనుబట్టి నిర్ణయింపుడు: ఉదయపు షిఫ్టు రెండుగంటలకు వదలును, రాత్రి షిఫ్టు ఆరుగంటలకు వదలును, వారపుసెలవు పలువురికి ఆదివారము.